మా రోజుల్లో దారి అడిగేవాళ్ళం

మొన్న ఎండాకాలం సెలవులకి మా చెల్లెలి కొడుకు మా ఇంటికొచ్చాడు. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, ఇంజనీరింగ్ ఇంకా మొదలవ్వలేదు. వచ్చిన పూట సాయంత్రానికే నా కంప్యూటర్ ముందు చేరి స్కైరిమ్ పెట్టాడు. నేనూ కాఫీ గ్లాసు పట్టుకుని పక్కకి కుర్చీ లాక్కున్నాను. ఆట మొదట్లోనే పెద్ద డ్రాగన్ ఒకటి దిగి ఒక కోట ఊరిని బూడిద చేసిపోయింది. ప్రాణాలు దక్కించుకుని బయటపడి పక్కూరు చేరితే, అక్కడి వాళ్ళు బతిమాలుకున్నారు: వైట్‌రన్ పోయి అక్కడి దొరకి కబురు చెప్పు బాబూ, మాకు కాపలా ఎవరూ లేరు అని. మావాడు సరే అన్నాడు. అని, ఏటి ఒడ్డున సీతాకోకచిలుకల్ని పట్టడం మొదలుపెట్టాడు.

ఒక్కొక్కటీ పట్టి రెక్కలు సంచీలో వేసుకుంటున్నాడు. గంట గడిచింది. నాకు ఉండబట్టలేదు. "ఏరా, ఊరు తగలబడిందని పోయి చెప్పమన్నారు కదరా వాళ్ళు?" అన్నాను. "అదెక్కడికీ పోదు మావయ్యా. మనం వెళ్ళేదాకా ఆగుతుంది" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. వాడి తప్పేం లేదు, వాడన్నది అక్షరాలా నిజం. నెల తర్వాత వెళ్ళినా ఆ దొర అదే కంగారుతో అదే మాట అంటాడు. ఊరికి అప్పుడే నిప్పంటుకున్నట్టు మాట్లాడతారు అందరూ. కథ వీడి కోసం చెప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆగే కథని కథ అంటారా నాయనా? నువ్వే చెప్పు. నువ్వు చెప్పవులే, నీకు అది మామూలైపోయింది. నేనే చెబుతాను, కాసేపు ఆ ఫోను పక్కన పెట్టి విను.

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర. శ్రీరామనవమి పందిట్లో రాత్రిళ్ళు హరికథలు పెట్టేవారు. దాసుగారు సీతాకల్యాణం చెబుతూ చెబుతూ, జనం కునుకు తీస్తున్నారనిపించగానే చిడతలు గట్టిగా మోగించి ఒక పిట్టకథ ఎత్తుకునేవారు. మామిడితోటలో దొంగ కథో, పిసినారి కోమటి కథో, అరగంట సేపు ఎక్కడెక్కడికో తీసుకుపోయేవారు. అసలు కథ ఎక్కడ వదిలామో మనం మర్చిపోయే వేళకి ఒక్క మాటతో మళ్ళీ మిథిలానగరం నడివీధిలో దించేవారు. చిన్నప్పుడు నాకు రాముడి కథ కన్నా ఆ పిట్టకథలంటేనే ప్రాణం. అయితే ఒక్క సంగతి ఎన్నేళ్ళు విన్నా తప్పలేదు. రాముడు వింటి మీద చెయ్యి వేశాక ఏ దాసుగారూ పిట్టకథ ఎత్తుకోరు. విశ్వామిత్రుడి వెనక అడవిలో నడుస్తున్నప్పుడు ఎత్తుకుంటారు, మిథిల వీధులు చూస్తున్నప్పుడు ఎత్తుకుంటారు. కథ ఊపిరి పీల్చుకునే చోటు ఆయనకి తెలుసు. నువ్వు సైడ్ క్వెస్ట్ అంటావే, అది మా పిట్టకథే. దానికంటూ ఒక చోటుంటుంది. ఆ చోటు తెలిసినవాళ్ళు ఆటలు తయారుచేసిన కాలంలో నేను కుర్రవాణ్ణి. అదృష్టవంతుణ్ణి.

2001లో అమీర్‌పేటలో ఒకే గదిలో నలుగురం ఉండేవాళ్ళం. పగలు కోర్సులు, రాత్రి వంతులు. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. రూమ్మేట్ వాళ్ళన్నయ్య అమెరికా నుంచి వస్తూ బాల్డర్స్ గేట్ రెండో భాగం తెచ్చాడు, నాలుగు సీడీలు. ఊరు మారినప్పుడల్లా సీడీ మార్చాలి. ఆ సీడీ తిరిగే చప్పుడు వింటూ తెర నల్లగా ఉన్న ఆ నిమిషంలో, ఇప్పుడెక్కడ తేలతామో అని గుండె కొట్టుకునేది. నీకిప్పుడు రెప్ప వేసేలోగా ఊరు మారుతుంది. రెప్ప వేసేలోగా వచ్చినదాని మీద మోజు కూడా అంతసేపే ఉంటుంది మరి.

ఆ ఆటలో ఇమోయెన్ అని ఒక పిల్ల, చిన్నప్పట్నుంచీ మనతో కలిసి పెరిగింది. మొదట్లోనే ఇరెనికస్ అనే దుర్మార్గుడితో పాటు ఆ పిల్లనీ ముసుగు మాంత్రికులు పట్టుకుపోతారు. ఎక్కడికి తీసుకుపోయారో తెలియదు. మేం కనుక్కుంటాం, అక్కడికి చేరుస్తాం, 20,000 బంగారు నాణేలు పట్టుకురా అంటాడు దొంగల ముఠా మనిషి. మన దగ్గర చూస్తే చిల్లర డబ్బులు. ఇహ చూస్కో, అత్కాట్లా నగరమంతా తిరగాలి. సారాకొట్లో ఒక జమీందారీ పిల్ల, మా కోటని రాక్షసులు ఆక్రమించారు సాయం చెయ్యమంటుంది. ఉమర్ కొండల్లో మనుషులు మాయమవుతున్నారంటారు. ట్రేడ్‌మీట్ అనే ఊరి మీద అడవి మృగాలు పడి జనాన్ని బయటికి రానివ్వడం లేదంటారు. అన్నీ పిట్టకథలే. కానీ ప్రతి పిట్టకథలోనూ ఆ 20,000లో కొంత ఉంది. కోట విడిపించినా, కొండలెక్కినా అది ఇమోయెన్ కోసమే. అడ్డదిడ్డంగా తిరుగుతున్నాం, అసలు కథలోనే ఉన్నాం. ఓపెన్ వరల్డ్ పెట్టాలా, కథ గట్టిగా చెప్పాలా అని ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలు తలలు బద్దలు కొట్టుకుంటున్నాయి. ఈ ఆట చేసిన బయోవేర్ వాళ్ళు 2000లోనే ఒక్క అంకెతో రెంటికీ ముడి వేసి చూపించారు.

అయితే అబద్ధం ఆడకూడదు. 20,000 పోగయ్యాక కూడా మా గదిలో ఒకడు ఇంకో నెల తిరిగాడు, మంచి కత్తి కొనాలని. ఇమోయెన్ పాపం ఆగింది. ఎంతకాలమైనా ఆగేది. అప్పటి కథలు అసలు ఆగేవి కావని నేననలేను. ఆగుతున్నట్టు తెలియనిచ్చేవి కావు, అంతే తేడా. కానీ ఆ తేడా చిన్నది కాదు.

నిజంగా ఆగని కథ చూడాలంటే 1997 నాటి ఫాలౌట్ చూడు. అణుయుద్ధం తర్వాత భూమి కింద బతుకుతున్న జనం, నీళ్ళు శుద్ధి చేసే యంత్రంలో చిప్పు పాడైపోయింది, బయటికి పోయి 150 రోజుల్లో ఇంకోటి తెచ్చిపెట్టాలి. 150 అంటే 150. మ్యాప్ మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిస్తే రోజులు నీళ్ళలా కారిపోయేవి. కావాలంటే హబ్ అనే ఊళ్ళో నీళ్ళ వర్తకులకి డబ్బిచ్చి మనవాళ్ళకి నీళ్ళు పంపించుకోవచ్చు, ఇంకో 100 రోజులు గడువొస్తుంది. ఎడారి అంతా మనదే, ఎటైనా పోవచ్చు, కానీ ఎటు పోయినా అక్కడ దాహంతో ఎదురుచూసేవాళ్ళు గుర్తుండేవాళ్ళు. నేను మొదటిసారి గడువు దాటించేశాను. ఆట అక్కడితో అయిపోయింది. అన్నం సయించలేదు ఆ పూట. ఆట ఓడిపోతే ఎవడైనా బాధపడతాడు, నేను బాధపడింది వాళ్ళు నీళ్ళు లేక పోయారని. ఇప్పుడు ఇలాంటి గడువు పెడితే మీరు ఊరుకోరు. డబ్బు పెట్టి కొన్నాం, మా ఇష్టం వచ్చినంతసేపు తిరుగుతాం అంటారు. తిరగండి.

ఇహ మారోవిండ్ సంగతి. దీని గురించి చెప్పడానికే కూర్చున్నాను, ఇంత దూరం తిరిగొచ్చాను.

2002లో వచ్చింది. పెట్టెలో కాగితం మ్యాప్ ఉండేది, దాన్ని గది గోడకి అంటించాం. వర్డెన్‌ఫెల్ అని ఒక దీవి, మధ్యలో ఎర్రకొండ. నిన్ను ఓడలోంచి ఒక రేవూళ్ళో దింపి, బల్మోరా పోయి కైయస్ కొసేడ్స్ అనే ఆయన్ని కలవమంటారు. ఆయన ఎక్కడుంటాడో చెప్పరు, ఫలానా సారాకొట్టులో అడగమంటారు. పోయి అడిగి, ఇల్లు వెతుక్కుని తలుపు తీస్తే లోపల చొక్కా లేని ముసలాయన. చక్రవర్తి వేగుల పెద్ద ఆయన. ఏం పని చెబుతాడో అని చేతులు కట్టుకుని నిలబడితే, నువ్వింకా పచ్చిగా ఉన్నావు, ఇదిగో 200 నాణేలు, పోయి ఏదో ఒక సంఘంలో చేరి నాలుగు పనులు నేర్చుకుని అప్పుడు రా అంటాడు. చూశావా ఎంత తెలివి! తిరగమని కథే చెబుతోంది. నువ్వు పుట్టగొడుగులు ఏరుకున్నా, ఎలుకలు చంపినా, పుస్తకాలు దొంగిలించినా ఆయన మాట వింటున్నట్టే. పైగా ఆ ఆటలో ముంచుకొచ్చే ఆపద నిప్పు లాంటిది కాదు, జబ్బు లాంటిది. ఎర్రకొండ కింద పడుకున్నది మెల్లగా జనం కలల్లోకి పాకుతుంది. బూడిద గాలి వీస్తుంది, రోగాలు వస్తాయి, ఊళ్ళో ఎవడో ఉన్నట్టుండి నీకు అర్థంకాని మాటలు అంటాడు. జబ్బు నెలల తరబడి నడుస్తుంది కాబట్టి మనమూ నెలల తరబడి తిరగొచ్చు. దాసుగారు చెప్పినట్టే ఉంటుంది అది.

దారి చూపించే బాణం అందులో లేదు. ఏ మనిషైతే పని చెప్పాడో ఆ మనిషే దారీ చెప్పేవాడు. ఫలానా వాగు దాటి, దీపస్తంభం దగ్గర ఎడమకి తిరిగి, మిట్ట ఎక్కితే గుహ కనబడుతుంది అని. మన ఊళ్ళల్లో చెప్పినట్టే. చింతచెట్టు దగ్గర మలుపు తిరిగి, మునసబుగారి గోడ పట్టుకుని పో, కుక్క మొరిగితే భయపడకు అంటారు చూడు, అందులో ఊరంతా ఉంటుంది. దారి చెప్పేవాడి నోట ఆ చెట్టు పేరు, ఆ గోడ ఎవరిదో, ఆ కుక్క బుద్ధి అన్నీ తెలుస్తాయి. అలా అడిగి నడిచినవాడు ఆ ఊరిని జన్మలో మరిచిపోడు. మేం ఆ మాటలన్నీ నోటుబుక్కులో రాసుకునేవాళ్ళం, ఎందుకంటే ఆటలో ఉన్న దినచర్య పుస్తకం కిరాణా కొట్టు చిట్టా లాగా తేదీల వరసన ఉండేది, అందులో ఏదీ దొరికేది కాదు. కొన్నిచోట్ల దారి తప్పుగానూ చెప్పేవారు. అప్పుడు తిట్టుకున్నాం, నిజమే. కానీ తప్పుదారిన పోయి ఎన్ని సమాధులు, ఎన్ని గుహలు చూశామో!

ప్రయాణం కూడా అంతే. సిల్ట్ స్ట్రైడర్ అని తాటిచెట్టంత కాళ్ళున్న పెద్ద పురుగు, దాని వీపు డొల్ల చేసి మనుషుల్ని ఎక్కించుకుంటారు. ప్రతి ఊరికీ పోదు అది. బల్మోరా నుంచి ఖూల్ పోవాలంటే ఆల్డ్‌రూన్‌లో దిగి ఇంకోటి ఎక్కాలి, ఆర్టీసీ బస్సు మారినట్టు. అలా మారి మారి దీవి నాకు ఎంత పట్టుబడిందంటే, అమీర్‌పేట నుంచి కోఠీ పోయే బస్సు నంబరు ఇప్పుడు గుర్తులేదు కానీ ఆ పురుగుల రూటు మొత్తం గుర్తుంది.

2006లో దాని తర్వాతి ఆట ఆబ్లివియన్ వచ్చింది. అక్కడి నుంచే పట్టింది చెడుకాలం. తెర కింద దిక్సూచి, దాని మీద ఎటు పోవాలో చూపించే గుర్తు, మ్యాప్ మీద నొక్కితే చాలు ఊరికి చేరిపోవడం. ఎందుకొచ్చింది ఆ బాణం? బద్ధకస్తుల కోసం అని చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే వేరేగా తోచింది. మారోవిండ్‌లో మనుషుల మాటలు చాలామటుకు రాతలోనే ఉండేవి, రాయడానికి ఖర్చేముంది, ఎంత దారైనా చెప్పించొచ్చు. ఆబ్లివియన్‌లో ప్రతి మాటా గొంతుతో పలికించారు. చక్రవర్తికి పాట్రిక్ స్టూవర్ట్ అంతటి నటుడు గొంతు ఇచ్చాడు. గొంతుతో పలికించాలంటే ప్రతి వాక్యానికీ డబ్బు, డిస్కులో చోటు. చింతచెట్టూ, మునసబు గోడా అక్కడ కోతకి పోయాయి. మనిషి మాట తగ్గింది, ఆ ఖాళీలోకి బాణం వచ్చి కూర్చుంది. స్కైరిమ్ నాటికి కొన్ని పనులు ఎవరూ రాయకుండా ఆటే అప్పటికప్పుడు పుట్టించుకోవడం మొదలైంది. ఏ గుహకి పంపుతుందో ముందు ఎవరికీ తెలియనప్పుడు దారి ఎవరు రాస్తారు? అందుకే ఇప్పుడు ఆ గుర్తు ఆపేసి ఆడదామన్నా చాలా పనులకి కుదరదు, అక్కడి మనుషులకి దారి చెప్పడమే రాదు. పని చెప్పి ఊరుకుంటారు.

పైగా ఆబ్లివియన్‌లో ఇంకో వింత. నువ్వు బలవంతుడివైన కొద్దీ లోకమంతా నీతో పాటు బలిసేది. దారి కాచి 100 నాణేలు అడిగే దొంగ ఒంటి మీద రాజుల కవచం! అది అమ్ముకుంటే వాడు తరతరాలు కూర్చుని తినొచ్చు. ఎక్కడికైనా పోవచ్చు కానీ ఎక్కడికి పోయినా ఒకటే. మా పేదరాశి పెద్దమ్మ కథల్లో రాజు కొడుకుతో ఏమంటాడు? మూడు దిక్కులకీ వేటకి పో, నాలుగో దిక్కుకి మాత్రం పోకు అంటాడు. ఆ ఒక్క మాటతో లోకానికి ఆకారం వస్తుంది. కుర్రాడు నాలుగో దిక్కుకి పోతాడని పెద్దమ్మకీ తెలుసు, వినే మనకీ తెలుసు. 2001లో జర్మనీ వాళ్ళు గోతిక్ అని ఒక ఆట చేశారు. లోకం చిన్నది, మూడు గుడారాల ఖైదీల లోయ. లోయ లోపల గోడలు ఎక్కడా అడ్డుండవు, కానీ ఫలానా అడవిలో కాలు పెడితే ఒక్క దెబ్బకి చచ్చేవాళ్ళం. అదే నాలుగో దిక్కు. పది పన్నెండు గంటలు కష్టపడి, కత్తి పట్టడం నేర్చుకుని, మళ్ళీ అదే అడవికి పోయి ఆ మృగాన్నే పడగొట్టినప్పుడు మనం ఎదిగామని తెలిసేది. ఎదగడమే అక్కడ కథ. పటం కూడా డబ్బిచ్చి కొనుక్కోవాలి ఆ ఆటలో, ఊరికే రాదు.

ఇప్పుడు వ్యాపార ప్రకటనల్లో చూడు, లోకం ఎన్ని చదరపు కిలోమీటర్లో చెబుతారు, రియల్ ఎస్టేట్ వెంచర్ లాగా. మా రోజుల్లో ఈ జబ్బు లేదని అందామనుకున్నాను, కానీ ఉంది. 1996లో డాగర్‌ఫాల్ గ్రేట్ బ్రిటన్ దేశమంత లోకంతో వచ్చింది, వేలకి వేలు ఊళ్ళు, లెక్కలు వేసి కంప్యూటర్ కట్టినవి. ఒక ఊరు చూస్తే అన్నీ చూసినట్టే. అది చేసినవాళ్ళే ఆరేళ్ళకి ఒక్క దీవికి కుదించుకుని, రాయీ రప్పా చేత్తో పేర్చి మారోవిండ్ చేశారు. చిన్నదైతేనే మాటకి చోటుంటుందని వాళ్ళకి ఒకసారి తెలిసింది. తెలిసినది ఎలా మర్చిపోయారో నాకు అంతుపట్టదు. 2015లో వాళ్ళదే ఫాలౌట్ నాలుగో భాగం ఆడాను. కళ్ళ ముందు భార్యని చంపి చంటిపిల్లాణ్ణి ఎత్తుకుపోయారు. తండ్రి బయటికొచ్చాడు, ఏం చెయ్యాలి? జనానికి ఇళ్ళు కట్టి, మంచాలు వేసి, చేలల్లో నీళ్ళ పంపులు పెట్టమన్నారు. వారం రోజులు పెట్టాను. ఒకరోజు ఉన్నట్టుండి, నాకో కొడుకుండాలి కదా అనిపించి సిగ్గుపడ్డాను. నన్ను అలా మరిచిపోనిచ్చిన ఆట మీద కోపం ఇప్పటికీ పోలేదు.

అదే ఏడు విచర్ మూడో భాగం వచ్చింది. పోలండ్ వాళ్ళది. దాన్ని కూడా తిట్టాలనే కూర్చున్నాను. అక్కడ మ్యాప్ మీద సముద్రం నిండా ప్రశ్నార్థకాలు, పోయి చూస్తే నీళ్ళలో దొంగసరుకు పీపాలు, దాని గురించి తిట్టాల్సింది తిట్టాను. కానీ వెలెన్ బురదనేలల్లో ఒక సైనికాధికారి ఉంటాడు, బారన్ అంటారు. మనం వెతుకుతున్న పెంపుడు కూతురు సిరి సంగతి అతనికి తెలుసు, కానీ చెప్పడు. నా భార్యా కూతురూ కనబడటం లేదు, వాళ్ళని వెతికిపెట్టు, నీ పిల్ల సంగతి చెబుతాను అంటాడు. ఒక తండ్రి ఇంకో తండ్రితో పెట్టిన బేరం అది. తాగి భార్యని కొట్టినవాడు. కడుపులోనే పోయిన బిడ్డని దిక్కులేకుండా పాతిపెట్టినవాడు. ఆ బిడ్డకి పేరు పెట్టి, ఆ ఇంటి గడప కిందే మళ్ళీ పాతిపెట్టే రాత్రి ఉంది చూడు, నేను ఆట ఆపి బాల్కనీలోకి పోయి చాలాసేపు నిలబడ్డాను. మా ఆవిడ వచ్చి ఏమైందంటే చెప్పలేకపోయాను. మా రోజుల్లో ఇలాంటిది ఉందా అని అడుగుతావేమో. వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.

2022లో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ నోటుబుక్కు తీశాను. అందులో పనుల జాబితా లేదు, ఎవరు ఏమన్నారో మనమే గుర్తుపెట్టుకోవాలి. కథ కూడా కుండపెంకుల్లా చెదిరి ఉంటుంది, కత్తి మీద రెండు ముక్కలు, ఉంగరం మీద రెండు ముక్కలు ఏరుకోవాలి. సంతోషించాను. నెల తిరక్కుండానే మనుషులున్న చోట మ్యాప్ మీద గుర్తులు వచ్చి చేరాయి. ఇంతే, ఒక్క నెల కూడా ఓపిక పట్టలేకపోయారు అనుకున్నాను. ఆ గుర్తులు నేనూ వాడుకున్నాను, కళ్ళు మునుపటిలా లేవు, జ్ఞాపకమూ లేదు. వాడుకున్నంత మాత్రాన అవి మంచివైపోవు.

సరే, మా మేనల్లుడి దగ్గర ఆగాం కదా. మర్నాడు పొద్దున్నే బీరువా మీంచి పాత అట్టపెట్టె దింపి, ఆ కాగితం మ్యాప్ మడతలు విప్పి వాడి ముందు పరిచాను. చిరిగిన చోట ఎవడో అన్నం మెతుకుతో అంటించాడు, ఆ మరక అలాగే ఉంది. మారోవిండ్ పెట్టిచ్చాను. ఐదు నిమిషాలు తిరిగి, "మావయ్యా, బాణం ఏది?" అన్నాడు. లేదు, చదువు అన్నాను. "ఇంత రాత ఎవరు చదువుతారు మావయ్యా" అని గొణుక్కుని, మధ్యాహ్నానికి మళ్ళీ డ్రాగన్ల దగ్గరికి పోయాడు. నేనేమీ అనలేదు. వారానికి కౌన్సెలింగ్ ఉందని విజయవాడ వెళ్ళిపోయాడు, మ్యాప్ మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.

నిన్న రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు. ఆ వేళప్పుడు ఫోనంటే గాభరాగా ఎత్తాను. "మావయ్యా, ఆ ఆట మా దాంట్లో వేసుకున్నా. బల్మోరాలో ఉన్నా. ఎవరో ఆర్కెంగ్‌తాండ్ అనే పాత శిథిలాల్లోంచి పెట్టె తెమ్మన్నాడు, రెండు రోజులైంది, తిరిగి తిరిగి బూడిదలోనే తేలుతున్నా" అన్నాడు.

నాకు మ్యాప్ అక్కర్లేకపోయింది. కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాను. "ఊరికి దక్షిణంగా బయటికి రా. పురుగు బండి ఆగే చోటు దాటితే ఏరు, ఏటి మీద వంతెన ఉంటుంది, దాటు. దాటాక తూర్పు వైపు పాత దారి ఒకటి మిట్ట ఎక్కుతుంది. పైకి పోతే లోయ మీద పూర్వకాలపు రాతి వంతెన..."

"ఆగు మావయ్యా, ఆగు" అన్నాడు వాడు. "రాసుకుంటున్నా."